గంటకూ గంటకూ మధ్య

నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే లెక్కయంత్రం చేతిలో లేకపోయినా బొటనవేలు ఆగడం లేదు. ఒళ్ళో పెట్టుకున్న సంచీ పట్టీని అది తన మానాన తాను నొక్కుతోంది, ఒకటి, రెండు, కాసేపాగి మూడు. అద్దానికి అవతల గదిలో తమ్ముడి చెయ్యి లేచినప్పుడల్లా ఇవతల అక్క బొటనవేలు దిగుతోంది. ఆగమని చెప్పి చూసింది. పదకొండేళ్ళుగా ఒకే పని చేసిన వేలు, చెబితే వింటుందా. ఇవాళ ఆమె లెక్కపెట్టడానికి రాలేదు, సెలవు చీటీ రాసిచ్చి తమ్ముడి తాలూకు మనిషిగా వచ్చింది, గోడవారనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళూ ఎవరెవరి తల్లులనో తానే ఈ కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. దీనికి ఒక కాలు పొట్టి, కదిలితే టకటకమంటోంది, ఇన్నాళ్ళలో ఒక్క తల్లీ ఆ సంగతి చెప్పలేదు. వాళ్ళెవరూ కదల్లేదేమో.

ఆమె ఉద్యోగం దెబ్బలు లెక్కపెట్టడం. ఏం చేస్తున్నావమ్మా అని బంధువులెవరైనా అడిగితే లెక్కల పనండీ అంటుంది, వాళ్ళు పిల్లలకి లెక్కలు చెబుతోందనుకుని మా వాడు ఎక్కాల దగ్గరే ఆగిపోయాడు, సాయంత్రం పూట కాస్త కూర్చోబెట్టుకోరాదా అంటారు. మాట రాని మనుషులు, ఎదుగుదల అందరిలా సాగని మనుషులు, తమను తాము ఎందుకు కొట్టుకుంటారో, చేతులెందుకు కొరుక్కుంటారో, గోడకేసి తలెందుకు బాదుకుంటారో కనిపెట్టే పరిశోధన ఇది. ఎందుకో చెప్పడం పరిశోధన నడిపే మేడం పని, ఎన్నిసార్లో చెప్పడం ఈమె పని. దెబ్బంటే ఏమిటో కాగితం మీద రాసి గోడకు అంటించారు, జానెడు దూరం నుంచి వచ్చి తలకో మొహానికో చప్పుడయ్యేలా తగిలిన చెయ్యి. జానెడుకు తక్కువైతే దెబ్బ కాదు, చప్పుడు కాకపోయినా దెబ్బ కాదు. చేరిన కొత్తలో ఒక పాప చెవి మీద కొట్టుకుంటుంటే చూడలేక కళ్ళు మూసుకుంది, ఆ మూసుకున్న కాస్తలో తొమ్మిది తప్పిపోయాయి, పక్కన కూర్చున్న రెండో మనిషి లెక్కతో ఈమె లెక్క కుదరలేదు, మేడం కోప్పడలేదు, కళ్ళు తెరుచుకునుండటం అలవాటు చేసుకో అన్నారంతే. చేసుకుంది. మొదట్లో ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే కడుపులో తిప్పేది, తర్వాత తిప్పడం మానేసింది, ఎప్పుడు మానేసిందో కూడా గుర్తు లేదు. ఇప్పుడు ఎవరు ఎంత కొట్టుకున్నా లోపల ఏమీ కదలదు, కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే పట్టే తిమ్మిరి ఒళ్ళంతా పాకి అక్కడే ఉండిపోయింది. అమ్మ దగ్గినా లెక్కపెడుతుంది.

ఇరవై మూడు, ఇరవై నాలుగు. అద్దం ముందు కుర్చీలో సున్నా కూర్చుని ఉంది, చెవులకు హెడ్‌ఫోన్లు, గుప్పిట్లో లెక్కయంత్రం. సున్నా అంటే ఆ పిల్ల పేరు కాదు, చేరిన మొదటిరోజు గంటసేపు శ్రద్ధగా నొక్కి నొక్కి, తీరా చూస్తే తాళం తీయకుండా నొక్కింది, కాగితం మీద సున్నా వేసి ఇచ్చింది, అప్పటినుంచి ఆఫీసంతా సున్నా. ఇప్పుడు మాత్రం ఆ పిల్ల వేలికి తిరుగులేదు. అక్కా మీరు అటు చూడకండి అంది పొద్దున, సిగ్గుపడుతూ, అన్నం తింటున్నవాళ్ళ ముందు ఏదో అనకూడనిది అన్నట్టు. ఇటు కాకపోతే ఎటు చూడాలి, గదిలో ఉన్నది ఒక్క అద్దమే.

అద్దం వెనక ఉన్నది పెద్దాయన. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. పుట్టిన మూడో రోజున నుదురు ముడిచి అందర్నీ ఒక్కొక్కర్నే పరకాయించి చూశాడట, వచ్చాడండీ పెద్దాయన, ఇక మన పెత్తనాలు చెల్లవు అని నాన్న నవ్వాడట, ఆ పేరే ఉండిపోయింది. నాన్న లేడిప్పుడు, పెద్దాయనకు ముప్పై ఒకటి. ముప్పై మాటలు వచ్చు, ఏడాదికో మాట చొప్పున సంపాదించుకున్నాడని అమ్మ అంటుంది, ఆ ముప్పైలో ఒక్కటి కూడా వృథాగా వాడడు. నీళ్ళంటే నీళ్ళే, అక్కంటే అక్కే. ఐదేళ్ళుగా వాడి రెండు చేతులకూ గొట్టాలు. మందపాటి గుడ్డలో బద్దలు పెట్టి కుట్టినవి, మోచెయ్యి వంగకుండా, వంగితే అరచెయ్యి తలకు చేరుతుంది గనక. పొద్దున్న తొడిగేది అక్క, రాత్రి పడుకున్నాక విప్పేది అక్క. మొన్న ఎముకల డాక్టరు వాడి మోచెయ్యి పట్టుకుని వంచబోతే సగం దాకా వచ్చి ఆగింది, తుప్పుపట్టిన తలుపులా. ఇంకో ఏడాది ఇలాగే ఉంచితే తర్వాత గొట్టాలు తీసినా చెయ్యి నోటిదాకా రాదు, జన్మంతా ఇంకొకళ్ళు ముద్ద పెట్టాల్సిందే అన్నాడు. ఆ ఇంకొకళ్ళు ఎవరో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అందుకే ఈ మూడు రోజులు. గొట్టాలు విప్పి, ఐదేసి నిమిషాలు నాలుగు రకాలుగా చూస్తారు. ఒకసారి ఒంటరిగా వదిలేస్తారు, ఒకసారి పని చెబుతారు, ఒకసారి కొట్టుకున్నప్పుడల్లా అయ్యో వద్దు అని పలకరిస్తారు, ఒకసారి ఊరికే ఆడుకోనిస్తారు. మోచెయ్యి సగమే వంగినా వాడు తల వంచి చేతికి అందిస్తాడు గనక తలకు మెత్తటి టోపీ పెడతారు, తలుపు దగ్గర నర్సు ఉంటుంది, చర్మం కందితే అక్కడితో ఆపేస్తారు. పనప్పుడే ఎక్కువ కొట్టుకుంటే పని తప్పించుకోవడానికని అర్థం, పలకరించినప్పుడే ఎక్కువైతే పలకరింపు కోసమని అర్థం. కారణం దొరికితే బతికిపోయినట్టే, దెబ్బకు బదులు ఇంకో దారి నేర్పవచ్చు, కాసేపు కాసేపు చొప్పున గొట్టాలు తీస్తూ పోవచ్చు. దొరక్కపోతే కారణం తెలియలేదని నివేదిక రాస్తారు, గొట్టాలుంటాయి. మొదటి రెండు రోజులూ ఆమె పక్క గదిలో వేరే ఎవరి దెబ్బలో లెక్కపెడుతూ ఉండిపోయింది, సాయంత్రం కాగితం మీద నాలుగు గీతలు చూపించారు. నాలుగూ చిక్కుపడిపోయి ఉన్నాయి, ఆటప్పుడూ అంతే, పనప్పుడూ అంతే. ఇవాళ ఆఖరు. పొద్దున్నుంచి ఆమె మొక్కుకుంటున్నది ఒకటే, ఏదో ఒక రకంలో ఎక్కువ కొట్టుకోవాలి. ఎక్కువ కొట్టుకో నాన్నా, ఒక్కదాంట్లో బాగా కొట్టుకో, మిగతావాటిలో ఊరుకో. ఇలాంటి మొక్కు మొక్కిన అక్క లోకంలో ఇంకెవరైనా ఉంటుందా అని ఆలోచించింది, ఉండే ఉంటుంది, ఈ కుర్చీలోనే కూర్చుని ఉంటుంది.

గంట మోగింది. ఐదు నిమిషాలు అయిపోయాయి. సున్నా హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చి అంకె రాసుకుంటోంది, లెక్కయంత్రాన్ని వెనక్కి తిప్పుతోంది, పెన్ను మూత ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటోంది. గంటకూ గంటకూ మధ్య బయట కూర్చున్నవాళ్ళు చేసేది ఇదే, పదకొండేళ్ళుగా ఆమె చేసిందీ ఇదే, ఆ రెండు నిమిషాలూ లెక్కలోకి రావు గనక కళ్ళూ చెవులూ వాటికి సెలవిచ్చేస్తాయి. ఇవాళ రాసుకోవడానికి అంకె లేదు, వెతుక్కోవడానికి మూత లేదు. తాలూకువాళ్ళ కోసం గోడకు బిగించిన చిన్న స్పీకరు మాత్రం ఎవరూ ఆపకపోవడం వల్ల గొణుగుతోంది. అందులోంచి లోపలిమనిషి గొంతు వచ్చింది. గదిలో ఉండి ఆడించే, పనిచెప్పే ఉద్యోగిని ఇక్కడ లోపలిమనిషి అంటారు, ఈ లోపలిమనిషి కొత్త, మహా మర్యాదస్తురాలు, కుర్చీ కాలికి తన కాలు తగిలినా సారీ అండీ అంటుంది. "పనిపెట్టె తెచ్చుకుంటానండీ. వెళ్ళొస్తానండీ" అంది. తలుపు మూసుకుంది. పెద్దాయన ఒక్క క్షణం ఆ తలుపు వైపే చూశాడు, ఆ తర్వాత చెయ్యి లేచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆమె బొటనవేలు కూడా పరుగెత్తుతోంది, మెత్తటి టోపీ మీద పడే దెబ్బ దిండు దులుపుతున్న చప్పుడు చేస్తుంది. లోపలిమనిషి పెట్టెతో తిరిగొచ్చింది, మళ్ళీ గంట మోగింది, సున్నా హెడ్‌ఫోన్లు పెట్టుకుని వేలు సిద్ధం చేసుకునేసరికి దెబ్బలు వరసగా పడుతూనే ఉన్నాయి, పదకొండు, పన్నెండు, అన్నీ పని ఖాతాలోకి వెళ్ళిపోతున్నాయి. రెండు నిమిషాలకు తగ్గాయి. ఆ తర్వాత వాడు బుద్ధిగా చెక్కముక్కలు ఏరుతూ కూర్చున్నాడు. పనికి వాడేమీ అనడం లేదు.

వెళ్ళొస్తానండీ. ఎంత మామూలు మాట. అందరం అంటాం, గుమ్మం దిగుతూ, ఫోను పెట్టేస్తూ, వెళ్తున్నానంటే బాగుండదని వెనకాల రావడాన్ని తగిలిస్తాం, ఆ రెండో ముక్క ఎవరూ వినరు, అన్నవాళ్ళూ వినరు. ముప్పై మాటలే ఉన్నవాడు వింటాడు. మళ్ళీ గంట మోగింది, మళ్ళీ ఆ గొంతు, "ఇంకో నిమిషంలో బొమ్మలు తెస్తానండీ, వెళ్ళొస్తానండీ", మళ్ళీ తలుపు, మళ్ళీ ఆ చూపు, ఆ చెయ్యి. ఆమె ఒళ్ళో చేతులు చల్లబడ్డాయి. సంతోషమో భయమో తెలియలేదు, రెండిట్లో ఏదైనా ఫరవాలేదనిపించింది, ఇన్నేళ్ళకి ఏదో ఒకటి వస్తోంది కదా. అంతలోనే అది కూడా పోయి, దాని చోట ఇనుప గేటు ఒకటి కనబడింది. ఆకుపచ్చ రంగు వేసిన గేటు, తాళం పక్కన రంగు రాలిపోయింది.

ఆరేళ్ళ క్రితం అమ్మకు వెన్నెముక ఆపరేషను అయింది. మూడు వారాలు, మూడే వారాలు, పెద్దాయనను ఎక్కడైనా ఉంచాలి, ఇలాంటివాళ్ళను చూసుకునే చోటు ఒకటుందని ఎవరో చెప్పారు. అప్పటికి వాడికి గొట్టాలు లేవు, కొట్టుకోవడం లేదు, తన ముద్ద తాను తినేవాడు, స్నానం చేశాక తువ్వాలు మడిచి దండెం మీద వేసేవాడు. గేటు దగ్గర భుజం మీద ఆ తువ్వాలుతోనే నిలబడ్డాడు. వెళ్ళొస్తాను పెద్దాయనా, అంది, వాడు తలూపాడు, బేరం కుదిరినట్టు. సాయంత్రం ఫోను చేస్తే అక్కడి ఆయా నవ్వింది, గేటు దగ్గర్నుంచి కదలడమ్మా మీవాడు, వస్తానన్నారట కదా. మూడో వారం చివర్లో వెళ్తానంటే అలవాటు పడేదాకా రాకండి, చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది అన్నారు. సరేనంది. అంత తొందరగా సరేనన్నందుకు తనకే ఆశ్చర్యం వేసింది, కానీ అనేసింది. మూడు వారాలు పదకొండు నెలలయ్యాయి. అమ్మ నాలుగో నెలకే లేచి తిరుగుతోంది, వాణ్ణి తీసుకురావే అంటూనే ఉంది, ఈమె తెస్తాలే అంటూ వచ్చింది. ఆ పదకొండు నెలల్లో ఆమె రాత్రిళ్ళు ఏకబిగిన నిద్రపోయింది. ఈత నేర్చుకుంది, మెడదాకా నీళ్ళలో నిలబడి ముక్కు మూసుకుని మునిగితే చప్పుళ్ళన్నీ పోయేవి. బాగుండేది, అబద్ధమెందుకు, ఆమె జీవితంలో అంత బాగున్న రోజులు ముందూ లేవు, తర్వాతా లేవు. వెళ్ళి తీసుకొచ్చేసరికి వాడి కణతల మీద చర్మం కాయకాచి ఉంది. ఎప్పట్నుంచి అంటే, ఏమో, వచ్చినప్పటి నుంచీ ఉన్నట్టుందే అన్నారు అక్కడివాళ్ళు, ఆమె కూడా అవునేమో అనుకుంది, అనుకోవడం తేలిక. ఇంటికొచ్చాక ఎవరైనా గడప దాటుతూ వెళ్ళొస్తానంటే చాలు మొదలెట్టేవాడు, అందుకని అమ్మా తానూ ఏమీ చెప్పకుండా చెప్పులు చేత్తో పట్టుకుని జారుకోవడం మొదలెట్టారు. ఎందుకలా అని ఒకళ్ళనొకళ్ళు అడగలేదు. మూణ్నెల్ల క్రితం ఇక్కడి దరఖాస్తు మీద ఎప్పుడు మొదలైంది అన్నచోట ఆరేళ్ళ క్రితం అని రాసింది, ఎందుకు మొదలైంది అన్నచోట తెలియదు అని రాసింది, ఏ సమయాల్లో ఎక్కువ అన్నచోట ఎప్పుడైనా అని రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఆఫీసులో అందరూ మెచ్చుకునే చేతిరాత.

లేవకుండా ఉండవచ్చు. కుర్చీ టకటకమంటుంది గానీ కూర్చోవచ్చు, ఇంకో పావుగంటలో అయిపోతుంది, నాలుగు గీతలూ చిక్కుపడి ఉంటాయి, కారణం తెలియలేదు అని మేడం రాస్తారు, ఆ కాగితంలోనూ ఆమె రాసిన కాగితంలోనూ ఒకే మాట ఉంటుంది, రాత్రికి వాడికి ముద్దలు కలిపి పెట్టవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. వాడికి తప్ప. వాడు చెప్పలేడు. ఇది ఆలోచిస్తున్నప్పుడు సిగ్గుపడాలని ఆమెకు తెలుసు, వస్తుందేమోనని చూసింది, రాలేదు. మోచెయ్యి సగం దాకా వచ్చి ఆగడం మాత్రం కనబడింది, డాక్టరు వేళ్ళ మధ్య, కిర్రుమనకుండా ఆగిపోవడం. లేచింది.

మేడం వెనక బల్ల దగ్గర గీతలు గీస్తున్నారు. "మేడం, మధ్యలో వినండి" అంది.

"ఏ మధ్యలో?"

"గంట మోగాక. మళ్ళీ గంట మోగేలోపు."

"అది మనం లెక్కపెట్టం కదమ్మా."

"అందుకే వినమంటున్నాను."

మేడం తలెత్తి చూశారు. ఆవిడలో మంచి గుణం అదే, మాట ఎవరిదైనా ముందు పరీక్షకు పెడతారు, నమ్మడం తర్వాత. లోపలిమనిషిని పిలిచి నాలుగుసార్లు బయటికి రమ్మన్నారు, రెండుసార్లు వెళ్ళొస్తానని చెప్పి, రెండుసార్లు ఏమీ అనకుండా. లోపలిమనిషి మొహం పాలిపోయింది, నేనేమన్నా తప్పు చేశానా మేడం, అది మీరు కాగితంలో రాసిచ్చిన మాట కాదండీ, ఊరికే అలవాటుగా అన్నానండీ అంది. తొలి నిమిషంలో సున్నా వేలు చెప్పిన అంకెలు ఇవి: అన్నప్పుడు ఇరవై రెండు, అననప్పుడు ఒకటి, అన్నప్పుడు పంతొమ్మిది, అననప్పుడు ఏమీ లేదు. "అక్కా, దొరికింది" అంది సున్నా, హెడ్‌ఫోన్లు తీయడం మరిచిపోయి గట్టిగా. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. ఆమె ఆ నీళ్ళను చూసింది, బాగున్నాయనిపించింది, కొత్తలో తనకూ ఉండేవి.

"ఇంట్లో ఈ మాట ఎవరంటారు?" అన్నారు మేడం, ఫైలు తెరుస్తూ.

"ఎవరూ అనరు."

"ఎందుకనరు?"

ఎందుకంటే. ఫైలులో తన గుండ్రటి అక్షరాలు తలకిందులుగా కనబడుతున్నాయి, తెలియదు అన్నది తలకిందులుగా చూసినా తెలియదు అనే ఉంది. "నేను అని వెళ్ళాను మేడం. మూడు వారాలన్నాను. పదకొండు నెలలు వెళ్ళలేదు. రావద్దన్నారు, నిజమే. కానీ నాకే వెళ్ళాలనిపించలేదు." లెక్క చదివి వినిపిస్తున్న గొంతే. సున్నా కిందికి చూసింది. మేడం కాగితాన్ని ఆమె వైపు తిప్పి పెన్ను ఇచ్చారు. "ఇక్కడ దిద్దు" అన్నారు. దిద్దింది. తెలియదు మీద అడ్డంగా ఒక గీత, పక్కన రెండు వాక్యాలు, చోటు చాలక అక్షరాలు చిన్నవయ్యాయి.

"ఇది నేర్పగలిగిందే" అన్నారు మేడం. "వెళ్ళొస్తానన్న మనిషి వస్తుందని వాడికి తెలియాలి. మాట చెప్పడం, బయటికి రావడం, నిమిషం కాగానే వెళ్ళడం. వాడు కొట్టుకున్నా కొట్టుకోకపోయినా నిమిషానికి వెళ్ళాల్సిందే. ఇవాళ్టికి పదిసార్లు చేద్దాం, చర్మం కందితే ఆపేద్దాం. రోజూ చేయాలి, ఎన్నాళ్ళో నేను చెప్పలేను. లోపలిమనిషిని పంపనా?"

"నేనే వెళ్తాను."

తలుపు తీసేసరికి గదిలో స్పిరిటు వాసన, చెక్కముక్కల వాసన. అద్దం ఇటువైపు నుంచి మామూలు అద్దమే, అందులో ఆమె మొహం ఉంది, వెనక ఎవరూ ఉన్నట్టు లేదు. పెద్దాయన నుదురు ముడిచి ఆమెను చూశాడు, పుట్టిన మూడో రోజున చూసినట్టే అయి ఉంటుంది. పక్కన కూర్చుంది. ఏమని మొదలెట్టాలో తెలియక వాడి టోపీ పట్టీ సరిచేసింది. తర్వాత లేచి, "వెళ్ళొస్తాను పెద్దాయనా" అంది. వాడి మొహం చూడకుండా బయటికి రావాలనుకుంది, చూసింది. తలూపలేదు ఈసారి.

నడవాలోకి అద్దం లేదు, తలుపే ఉంది. తలుపుకు వీపు ఆనించి నిలబడింది. లోపల దిండు దులిపే చప్పుడు మొదలైంది, ఒక్కోటీ చెక్క గుండా వచ్చి ఆమె వెన్నులో తగులుతోంది. ఇలా ఎప్పుడూ తగల్లేదు. నాలుగు, ఐదు. బొటనవేలు కదలడం లేదు, ఎందుకు కదలడం లేదో చూసుకుంది, రెండు చేతులూ తలుపు గొళ్ళేన్ని పట్టుకుని ఉన్నాయి. నర్సు గడియారం చూస్తూ ఇంకా ఇరవై సెకన్లు అంది మెల్లిగా. ఆరు. ఏడు. ఆ ఆయా ఫోనులో నవ్వినప్పుడు వాడు గేటు దగ్గర ఇలాగే ఉండి ఉంటాడు, వాడి నిమిషం పదకొండు నెలలు. పది సెకన్లు. కడుపులో తిప్పింది. ఎన్నేళ్ళ తర్వాతో తిప్పింది, నోట్లో చేదు నీళ్ళూరాయి, మింగింది. వెళ్ళండి అంది నర్సు.

లోపలికి వెళ్ళింది. వాడు తలెత్తి చూశాడు, చెయ్యి గాల్లోనే ఆగింది. వచ్చాను పెద్దాయనా, వచ్చాను చూడు, అంది. వాడు ఆమెను చూస్తూ, మెల్లిగా, రెండు చేతులూ ముందుకు చాపాడు. తిన్నగా, బిగదీసి, అరచేతులు కిందికి పెట్టి. దగ్గరికి తీసుకోమంటున్నాడనుకుంది, ఒక్క క్షణం. కాదు. రోజూ పొద్దున్న అక్క గదిలోకి వస్తే వాడు చేతులు చాపేది ఇలాగే. అక్క వచ్చిందంటే గొట్టాలు తొడగడానికే వస్తుంది. ఐదేళ్ళుగా ఆమె రావడమంటే వాడికి అదే.

"లేవు నాన్నా, తేలేదు" అంది. వాడు చేతులు దించలేదు. ఖాళీ చేతులతో వాటిని పట్టుకుని కూర్చుంది, మోచేతులు వంగేంతవరకే వంచి. వెళ్ళొస్తానని చెప్పడం ఇంకా తొమ్మిదిసార్లు మిగిలి ఉంది.